భద్రాచలం: గీత జరిగిన ప్రతిసారీ

మన తిరువూరు వైపు నుంచి భద్రాచలం వెళ్లేవాళ్లు ఎక్కువమంది రాములోరి దర్శనానికే వెళ్తారు. ఈసారి మనం గుడి మెట్లు దిగి, గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరిని ఆఫీసుల ఊరుగా చూద్దాం. ఐటీడీఏ ఉన్న ఊరు కాబట్టి చుట్టుపక్కల కోయ, కొండరెడ్ల పల్లెల కాగితాలన్నీ ఏళ్ల తరబడి అక్కడికే చేరాయి.

నిజానికి గుడి కథలో కూడా ఆఫీసు ఉంది. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు డబ్బు గుడికి ఖర్చుపెట్టాడని గోల్కొండలో ఖైదు చేశారు. ఇది అందరికీ తెలిసిన కథే. అయితే కొండ మీద దేవుణ్ణి మొదట చూసింది పోకల దమ్మక్క అనే గిరిజన మహిళ అని స్థలపురాణం చెబుతుంది. తహశీల్దారు పేరు తెలిసినంతగా దమ్మక్క పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

సరే, చరిత్రలోకి వద్దాం. 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్ వాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లకు కావాల్సింది నది మీద పడవల రాకపోకలు. కాటన్ దొర నౌకాయాన పథకం, దుమ్ముగూడెం ఆనకట్ట ఆ కాలానివే. ఆ పథకం మధ్యలోనే ఆగిపోయింది గానీ తాలూకాలు మాత్రం వాళ్ల చేతిలోనే ఉండిపోయాయి. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంచారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. కాగితం మీద జరిగింది జిల్లా మార్పు. కొండ మీద జరిగింది వేరు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నప్పుడు రేకపల్లి వైపు గొడ్డలికి నాలుగణాలు కడితే పోడు కొట్టుకోనిచ్చేవాళ్లు. మద్రాసు ప్రభుత్వం వచ్చాక ఆ పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని అడవుల్లో పోడే కుదరదన్నారు. మనిషి మారలేదు, కొండా మారలేదు, గొడ్డలీ అదే. ఐదేళ్లు తిరక్కుండానే, 1879లో, రంపలో మొదలైన తిరుగుబాటు రేకపల్లికి పాకింది. దీన్ని ఏదో ఒక దొర మీద కోపంగా మాత్రమే చెప్పుకోవడం మాకు నచ్చదు. గీత జరిపినవాళ్లు ఆ గీత కింద ఉన్నవాళ్లను అడగలేదు, అసలు సంగతి అదీ.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో భద్రాచలం తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. గిరిజన భూమి బదలాయింపు నిబంధన వచ్చిందీ ఆ ఏడాదే. మొదట అది ఆంధ్ర ప్రాంతానికే. కాబట్టి భద్రాచలం ఒడ్డున ఒక చట్టం, నది దాటితే పాల్వంచ వైపు నిజాం రాజ్యం నాటి ఏర్పాట్ల నుంచి వచ్చిన ఇంకో చట్టం. 1963లో గానీ తెలంగాణకు దాన్ని వర్తింపజేయలేదు. 1970లో వన్ ఆఫ్ సెవెంటీ వచ్చాకే గిరిజనేతరుల మధ్య భూమి అమ్మకాలకు కూడా తలుపు మూశారు. మన తిరువూరు షెడ్యూల్డ్ ఏరియాలో లేదు కాబట్టి ఆ చట్టం మన తండాలకు వర్తించదు. మ్యాపులో గీత ఎటు ఉందన్నదే తేడా.

ఇక 2014. తెలంగాణ ఏర్పడడానికి నాలుగు రోజుల ముందు, మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రలోకి వెళ్లాయి. భద్రాచలం మండలం కూడా వెళ్లింది, కానీ భద్రాచలం ఊరు తప్ప! ఊరు తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం ఆంధ్రలో. రాములోరి మాన్యం భూములు చాలావరకు పురుషోత్తపట్నంలోనే ఉన్నాయి, అంటే దేవుడికీ గీత తప్పలేదు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లే బస్సు కొంత దూరం ఆంధ్రలో నడిచి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. ఆంధ్రవైపు కోసం చింతూరులో వేరే ఐటీడీఏ పెట్టారు. అయినా ఎటపాక మనిషికి జబ్బు చేస్తే దగ్గర్లో కనిపించేది భద్రాచలం ఆసుపత్రే. ఐటీడీఏ పని కోసం మాత్రం చింతూరు రోడ్డు పట్టాలి.