బంతి మారినా తగ్గని పోరు
గోల్ఫ్‌లో మాజీ క్రీడాకారుల రెండో ఇన్నింగ్స్‌
టాహో తీరాన ఏటా సెలబ్రిటీల పోటీలు

ఉద్యోగి అరవై ఏళ్లకు చూసే పదవీ విరమణను క్రీడాకారుడు ముప్పయ్యయిదేళ్లకే చూడాల్సి వస్తుంది. మోకాలో, భుజమో మొరాయిస్తుంది గానీ గెలవాలన్న తపన చల్లారదు. అలాంటివారిని అక్కున చేర్చుకుంటున్న ఆట గోల్ఫ్‌. పరుగు అవసరం లేకపోవడం, వయసు పెద్దగా అడ్డు కాకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు.

సరస్సు ఒడ్డున సమరం

మాజీ క్రీడాకారులు తలపడే గోల్ఫ్‌ పోటీల్లో పేరెన్నికగన్నది అమెరికాలోని అమెరికన్‌ సెంచురీ ఛాంపియన్‌షిప్‌. నెవాడా రాష్ట్రంలో టాహో సరస్సు ఒడ్డునున్న ఎడ్జ్‌వుడ్‌ మైదానంలో 1990 నుంచి ఇది జరుగుతోంది. సినీ, టీవీ తారలు, ఇంకా ఆటలో కొనసాగుతున్నవారు సైతం ఇందులో పాల్గొంటారు. మూడు రోజుల్లో 54 హోల్స్‌ ఆడాలి.

2004 నుంచి పాయింట్ల పద్ధతి అమలులో ఉంది. నిర్ణీత దెబ్బల్లో (పార్‌) బంతిని గుంతలో వేస్తే 1 పాయింటు, ఒక దెబ్బ తక్కువైతే 3, రెండు తక్కువైతే 6 లభిస్తాయి. ఒకటి ఎక్కువైతే సున్నా. రెండు లేదా అంతకుమించి ఎక్కువైతే 2 పాయింట్లు కోత పడతాయి. సాహసించినవారికి లాభం ఎక్కువ, తడబడినవారికి నష్టం తక్కువ కావడం ఈ పద్ధతిలోని విశేషం.

గాయాలను గెలిచి..

బేస్‌బాల్‌లో పిచర్‌ అంటే క్రికెట్‌లో బౌలర్‌ వంటివాడు. బాల్యంలో ఎముకల వ్యాధితో కాలికి ఊతపట్టీ ధరించి నడిచిన రిక్‌ రోడెన్‌ పెద్దయ్యాక పేరున్న పిచర్‌ అయ్యారు. విరమణ అనంతరం టాహోలో 8 సార్లు విజేతగా నిలిచారు. మరో పిచర్‌ మార్క్‌ మల్డర్‌ను భుజం గాయం ఆటకు దూరం చేసింది. 2014లో పునరాగమనానికి సిద్ధమవుతుండగా మడమ వద్ద స్నాయువు తెగింది. బేస్‌బాల్‌ తలుపులు మూసుకున్నా 2015 నుంచి 2017 వరకు వరుసగా మూడేళ్లు టాహో టైటిల్‌ ఆయనదే.

టెన్నిస్‌ క్రీడాకారుడు మార్డీ ఫిష్‌ది మరో గాథ. 2004 ఏథెన్స్‌ ఒలింపిక్స్‌లో రజతం నెగ్గిన ఆయన తీవ్ర మానసిక ఆందోళనకు గురై, 2012 యూఎస్‌ ఓపెన్‌లో ఫెదరర్‌తో మ్యాచ్‌కు ముందే వైదొలిగారు. తన వేదనను దాచుకోకుండా బహిరంగంగా వెల్లడించారు. 2015లో టెన్నిస్‌కు వీడ్కోలు పలికి, 2020, 2024లలో టాహో విజేత అయ్యారు.

పేరుంటే చాలదు

పాత కీర్తి ఈ పోటీకి ఆహ్వానం తెచ్చిపెడుతుందే తప్ప పాయింట్లు తెచ్చిపెట్టదు. బాస్కెట్‌బాల్‌ దిగ్గజం చార్లెస్‌ బార్క్‌లీ ఏళ్ల తరబడి పట్టికలో అట్టడుగునే మిగిలారు. అమెరికన్‌ ఫుట్‌బాల్‌ ఆటగాడు టోనీ రోమో 2018, 2019, 2022లలో టాహోలో నెగ్గినా, అసలు సిసలు వృత్తి నిపుణుల టోర్నీల్లో రెండు రోజులకే ఇంటిముఖం పట్టారు. ఒక ఆటలో శిఖరాన్ని చూసినవారు మరో ఆటలో విద్యార్థులుగా మారక తప్పదని ఈ ఉదంతాలు చాటుతున్నాయి.

కపిల్‌ బాటలో..

మన దేశంలో ఈ కోవకు చెందినవారిలో ముందు గుర్తొచ్చేది కపిల్‌దేవ్‌. 1983 ప్రపంచకప్‌ సారథి అయిన ఆయన 1994లో క్రికెట్‌ నుంచి వైదొలగాక గోల్ఫ్‌ను ఎంచుకున్నారు. వృత్తి గోల్ఫర్ల సంస్థ పీజీటీఐకి 2024లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఈ సంస్థ టోర్నీలకు విశాఖపట్నంలోని ఈస్ట్‌పాయింట్‌, హైదరాబాద్‌లో గోల్కొండ కోట చెంతనున్న మైదానాలు వేదికలు కావడం గమనార్హం. క్రికెట్‌లో తన కెరీర్‌ ముగిసిన మూడు దశాబ్దాలకు కపిల్‌ వేరొక ఆటలోని యువకుల భవిష్యత్తుకు బాధ్యత వహించారు.