కరణ్‌కోట కిల్న్ నుంచి మిషిగన్ ఫర్నెస్ దాకా

మా కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది 1987లో. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థది అది. ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యం. దగ్గర్లోని తాండూరు చుట్టూ నేలంతా సున్నపురాయే. ఇళ్లలో పరిచే బండలూ దానివే, సిమెంటుకు ముడిసరుకూ అదే. ఫ్యాక్టరీ కథ చెప్పమంటే అందరూ క్వారీ, బ్లాస్టింగు, బస్తాల లెక్క చెబుతారు. నేను ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ మనిషిని. నిప్పును అదుపులో పెట్టిన వైర్ల కథ కూడా చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

కిల్న్ అంటే కాస్త వాలుగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం. లోపల ఇటుకల లైనింగు. నెమ్మదిగా తిరుగుతుంటే పై కొస నుంచి ముడిపొడి దిగుతుంది, కింది కొసన బొగ్గుపొడి మంట. సరుకు 1450 డిగ్రీల దాకా కాగితేనే క్లింకరవుతుంది. వేడి తగ్గితే సున్నం కలవక మిగిలిపోతుంది. పెరిగితే ఇటుకల మీది కోటింగు ఊడి ఇటుకలే కాలిపోతాయి. ఈ రెంటి మధ్య కిల్న్‌ను నడిపించింది బర్నర్లనే పనివాళ్ల కళ్లే. నీలం అద్దం అడ్డం పెట్టుకుని మంట రంగు చూసేవారు. సరుకు గోడ పట్టుకుని ఎంత ఎత్తు ఎక్కి జారుతోందో చూసేవారు. బాగా కాగిన సరుకు జిగురెక్కి పైకి పాకుతుంది, అప్పుడు కిల్న్ మోటారు ఆంపియర్లు పెరుగుతాయి. ముందు కన్ను చెప్పేది, వెనక మీటరు ఒప్పుకునేది. ఆ చూపు ఏ కాలేజీలోనూ నేర్పరు.

ఆ కంటికి తోడుగా వచ్చిందే థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహపు తీగలను ఒక కొసన అతికించి ఆ కొసను వేడిలో పెడితే రెండో కొసన మిల్లీవోల్టులు పుడతాయి. 1821లో సీబెక్ కనిపెట్టిన సంగతి ఇది. దాన్ని కొలిమి వేడి తట్టుకునేలా ప్లాటినం, రోడియం తీగలతో 1886 ప్రాంతంలో నిలబెట్టినవాడు ఫ్రాన్సు రసాయనవేత్త లె షాటెలియే. ఆయనే 1887లో సిమెంటు ఎలా గట్టిపడుతుందన్న దానిమీద డాక్టరేటు సిద్ధాంతవ్యాసం రాశాడు. సిమెంటు ల్యాబుల్లో సౌండ్‌నెస్ పరీక్షకు వాడే చిన్న ఇత్తడి అచ్చుకు ఈనాటికీ ఆయన పేరే. మా వృత్తికి ఇంత చేసిన మనిషిని ఫ్యాక్టరీల్లో ఎవరూ తలచుకోరు. అది నాకు కష్టంగా ఉంటుంది.

థర్మోకపుల్ నుంచి ప్యానెల్ దాకా మామూలు రాగి వైరు లాగకూడదు, దానికి తగిన కాంపెన్సేటింగ్ కేబులే వేయాలి. ప్లస్, మైనస్ తారుమారైతే లెక్కంతా తప్పు. పైగా దేశానికో రంగు పద్ధతి. అమెరికా పద్ధతిలో కె టైపు థర్మోకపుల్ కేబుల్లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఎరుపంటే ప్లస్ అనుకునే చెయ్యి అక్కడ పొరబడుతుంది. అందుకే మా సెక్షన్లో కొత్త కుర్రాడికి మొదటి పాఠం: రంగును నమ్మకు, టెర్మినల్ చూడు.

సరిగ్గా లె షాటెలియే పనిచేసిన ఆ ఏళ్లలోనే అమెరికాలో ఇంటి వేడికి కాపలా పుట్టింది. విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే మాస్టారి బడిలో నౌకరు గదిగదికీ వచ్చి థర్మామీటరు చూసి, కింది కొలిమి దగ్గరికెళ్లి గాలి తలుపులు సర్దేవాడు. ఆ తిరుగుడు తప్పించే విద్యుత్ థర్మోస్టాట్‌కు జాన్సన్ 1883లో పేటెంటు పొందాడు. 1885లో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ కొలిమి గాలి తలుపు దానంతటదే తెరుచుకునే ఏర్పాటు చేశాడు. ఆ దారిలోనే హనీవెల్ వచ్చింది. 1953లో ఆ కంపెనీ తెచ్చిన గుండ్రటి థర్మోస్టాట్ లక్షల ఇళ్ల గోడలెక్కింది. లోపల బైమెటల్ చుట్ట, గాజు బుడ్డిలో పాదరసం. చుట్ట వేడికి మెలితిరిగితే బుడ్డి వాలుతుంది, పాదరసం జారి సర్క్యూటు కలుస్తుంది. దానికంటూ వేరే కరెంటు అక్కర్లేదు.

మిషిగన్‌లో మా పెద్దబ్బాయి కొన్న పాతింటి గోడకు అలాంటిదే ఉండేది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ పాతది, ఏసీ తర్వాతెప్పుడో తగిలించారు. టైము పెట్టుకునే కొత్త థర్మోస్టాట్ కొనితెచ్చి, "నాన్నా, మనిషిని పిలవనా?" అన్నాడు. "ముందు బ్రేకర్ ఆపి మూత తియ్యరా" అన్నాను. తెలుపు హీటుకు, పసుపు ఏసీకి, ఆకుపచ్చ ఫ్యానుకు. కరెంటు తెచ్చే ఎర్ర వైర్లు మాత్రం రెండు. అంటే ఫర్నెస్‌కు, ఏసీకి వేర్వేరు 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు! కొత్తదానిలో ఫర్నెస్ కరెంటుకు ఆర్‌హెచ్, ఏసీ కరెంటుకు ఆర్‌సీ అనే టెర్మినళ్లను కలిపే చిన్న తీగ ఉంది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లున్న చోట అది ఉండకూడదు, తీసేశాం. తెర వెలగాలంటే కొత్తదానికి సీ అనే కామన్ వైరు కావాలి. గోడలో మడిచిపెట్టిన నీలం వైరొకటి ఖాళీగా దొరికింది. ఆ పరికరం ఆర్‌సీ నుంచి కరెంటు తీసుకునే రకం కాబట్టి నీలాన్ని ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ కామన్‌కే కలిపాం. ఫర్నెస్ వైపు కామన్‌కు కలిపితే ఆ సర్క్యూటు పూర్తికాదు, తెర వెలగదు.

పాత యంత్రానికి కొత్త పరికరం పెట్టే ప్రతి ఒక్కరికీ నా మనవి. బ్రేకర్ ఆపాక, పాతది ఊడదీసే ముందు ఏ వైరు ఏ అక్షరం కింద ఉందో ఫొటో తీయండి, చీటీ కట్టండి. రెండో కొస ఎక్కడికి పోయిందో వెళ్లి చూసి రాయండి. ఆ కాగితాన్ని ఫర్నెస్ తలుపు లోపల అంటించండి. పాదరసం బుడ్డిని మాత్రం చెత్తలో వేయకండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.