పార్కిన్సన్స్ గోలీలు వాడుతున్నారా? వాంతుల మందు విషయంలో జాగ్రత్త!

స్టేషన్ ఘన్‌పూర్: చేతులు వణుకుతున్నాయని, నడక మందగించిందని ఇంట్లో పెద్దాయనను డాక్టర్‌కు చూపిస్తే పార్కిన్సన్స్ అని తేలింది. మందులు రాశారు. వేసుకున్న రెండు రోజులకే కడుపులో తిప్పడం, వాంతులు. న్యూరాలజిస్ట్ ఏమో వరంగల్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. దగ్గర్లో ఉండేది ఆర్ఎంపీ, మెడికల్ షాపు. అక్కడికెళ్లి "వాంతులకు ఒక గోలీ ఇవ్వు" అంటాం. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పార్కిన్సన్స్ వచ్చినవాళ్లకు మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుంది. లెవోడోపా, కార్బిడోపా కలిసిన గోలీ ఆ లోటును పూడుస్తుంది. మన దగ్గర చాలామందికి ఇది సిండోపా పేరుతో తెలుసు. అయితే వాంతులకు మామూలుగా ఇచ్చే పెరినార్మ్, స్టెమెటిల్ లాంటివి మెదడులో అదే డోపమైన్ పనిని అడ్డుకుంటాయి. వాంతులు ఆగుతాయి కానీ.. వణుకు, బిగుసుకుపోవడం పెరుగుతాయి. జబ్బు ముదిరిందేమో అని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఈ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు ఎక్కువగా డోంపెరిడోన్ రాస్తారు. అది మెదడులోకి పెద్దగా వెళ్లదు. గుండె జబ్బు ఉంటే మాత్రం దానికీ డాక్టర్‌ను అడగాల్సిందే. షాపులో ఏ మందు అడిగినా ముందు "పార్కిన్సన్స్ ఉంది" అని చెప్పండి, చీటీ చూపించండి.

పప్పన్నంతో గోలీ వేసుకుంటున్నారా?

పప్పు, గుడ్డు, మాంసం, పెరుగులోని ప్రొటీన్ లెవోడోపా ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. అందుకే తినడానికి అరగంట ముందు, లేదంటే తిన్న గంట తర్వాత వేసుకోమంటారు. కొత్తలో వికారంగా ఉంటే రెండు బిస్కెట్లతో వేసుకోవచ్చు. అలాగని పప్పు, గుడ్డు పూర్తిగా మానేస్తే మనిషి నీరసించిపోతారు, ఆ పని చేయొద్దు. ఐరన్ గోలీ కూడా దీనితో కలిపి వేయకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఆగాలి. మూత్రం, చెమట ముదురు రంగులో వస్తే భయపడక్కర్లేదు, అది మందు రంగే.

లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా? ఈ మందులతో బీపీ పడిపోతుంది. పొద్దున లేవగానే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత నిలబడాలి. పల్లె దవాఖానలో పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమనండి. పై అంకె 20 పాయింట్లు పడితే డాక్టర్‌కు చెప్పాలి. పాత బీపీ గోలీ అలాగే వాడుతుంటే అదీ చెప్పండి, డోసు తగ్గించాల్సి రావచ్చు. ఈ కళ్లు తిరగడానికి కూడా మళ్లీ స్టెమెటిలే చేతిలో పెడతారు, చూసుకోండి!

ఫోన్‌లో రమ్మీ.. ఇది కూడా మందు వల్లేనా?

ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే గోలీలు వాడేవాళ్లలో కొందరికి ఉన్నట్టుండి పేకాట, ఆన్‌లైన్ పందేల పిచ్చి పట్టుకుంటుంది. అవసరం లేనివి కొనడం, అతిగా తినడం, లైంగిక కోరికలు పెరగడం కూడా ఉంటాయి. ముసలితనంలో ఇదేం బుద్ధి అని తిట్టుకుంటారు. సిగ్గుతో ఎవరూ డాక్టర్‌కు చెప్పరు. చెప్తే డోసు తగ్గిస్తారు, చాలామందిలో అది తగ్గుముఖం పడుతుంది. లేని మనుషులు కనిపిస్తున్నారని అంటే గాలి సోకిందని తిప్పకండి. అదీ మందుల వల్ల కావచ్చు. వణుకుకు ఇచ్చే పాసిటేన్ అయితే పెద్ద వయసువాళ్లలో మతిమరుపు, నోరెండిపోవడం, మూత్రం ఆగిపోవడం తెచ్చిపెడుతుంది.

దూలగొండి పొడి మంచిదంటారు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది. చిక్కేంటంటే.. గోలీలతో పాటు అదీ తింటే డోసు ఎంత పడుతుందో లెక్క ఉండదు.

అన్నిటికంటే ప్రమాదం, పడట్లేదని గోలీలు ఒక్కసారిగా ఆపేయడం. తీవ్ర జ్వరం, ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోవడం, మాట తడబడడం కనిపిస్తే ప్రాణం మీదకు వచ్చినట్టే. వెంటనే 108కి కాల్ చేయాలి.

కొన్నేళ్లు వాడాక గోలీ ప్రభావం రెండు మూడు గంటలకే దిగిపోవచ్చు. లేదంటే వేసుకున్న కాసేపటికి తల, చేతులు మెలికలు తిరగొచ్చు. ఓపీలో ఉన్న ఐదు నిమిషాల్లో డాక్టర్‌కు ఇది కనిపించదు. అందుకే గోలీ వేసిన టైం కాగితం మీద రాసి, వేయకముందు, వేసిన గంటకు, మళ్లీ ప్రభావం దిగాక నడకను ఫోన్‌లో నిమిషం చొప్పున వీడియో తీయండి. మొహంతో పాటు కాళ్లు కూడా ఫ్రేమ్‌లో కనిపించాలి.