ఫలితాలకు ముందే తేలే నమ్మకం

త్రైమాసికం ముగిసిన రోజుకూ ఫలితాలు వెలువడే రోజుకూ మధ్య కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. అప్పటికే లాభనష్టాల లెక్క కంపెనీలో కొందరికి తెలిసి ఉంటుంది, బయట లక్షల మంది మదుపరులకు తెలియదు. ఈ తేడాను ఎవరూ సొమ్ము చేసుకోకుండా చూడడం ఎలా అన్నదే మూడు దశాబ్దాలుగా మన మార్కెట్ నిబంధనలను నడిపించిన ప్రశ్న.

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ 1875లో పుట్టింది. లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం చేయడాన్ని నిషేధిస్తూ ప్రత్యేక నిబంధనలు మాత్రం 1992లో గానీ రాలేదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధత దక్కిందీ ఆ ఏడాదే. 1996లో బ్రూక్ బాండ్ లిప్టన్ తనలో విలీనమవుతుందన్న ప్రకటనకు కొద్ది వారాల ముందు, హిందుస్థాన్ లీవర్ ఆ విలీనమయ్యే కంపెనీ షేర్లు 8 లక్షలు మ్యూచువల్ ఫండ్ సంస్థ యూటీఐ నుంచి కొన్నది. 1998లో సెబీ దీన్ని తప్పుపట్టినా, ఆ ఉత్తర్వు అప్పీలులో వీగిపోయింది. విలీనం సంగతి అప్పటికే అందరికీ తెలుసన్న వాదన నెగ్గింది. 2002లో నిబంధనలను బిగించారు. ఫలితాలకు ముందు కంపెనీ లోపలివారు తమ కంపెనీ షేర్లు కొనకుండా, అమ్మకుండా ‘ట్రేడింగ్ విండో’ను మూసే పద్ధతి అలా వచ్చింది.

ఈలోగా ఐటీ కంపెనీలు మరో అలవాటు తెచ్చాయి. 1999లో అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీ నాస్‌డాక్‌లో నమోదైన ఇన్ఫోసిస్, రాబోయే ఏడాది ఆదాయం ఎంత ఉండవచ్చో ముందే చెప్పే ‘గైడెన్స్’తో పేరు తెచ్చుకుంది. 2003 ఏప్రిల్ 10న ఆ అంచనా మార్కెట్ ఆశించిన దానికన్నా తక్కువగా ఉండడంతో షేరు ఒక్కరోజులో పావువంతు పైగా పడింది. మదుపరులు నష్టపోయారు, కానీ చేదు కబురును కంపెనీయే తన నోటితో అందరికీ ఒకేసారి చెప్పింది. అలాంటి పతనం నుంచి కంపెనీ కోలుకోగలదు.

కోలుకోలేని పతనాన్ని హైదరాబాద్ చూసింది. సత్యం కంప్యూటర్స్ కూడా క్రమం తప్పక ఫలితాలు ప్రకటించేది, గైడెన్స్ ఇచ్చేది. 2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడింది. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో 2,700 కోట్లుగా చూపిన ఆదాయం నిజానికి 2,112 కోట్లేనని, 649 కోట్ల నిర్వహణ లాభం అసలు 61 కోట్లేనని ఆ లేఖ ఒప్పుకుంది. ఆ రోజే షేరు విలువలో ముప్పాతిక వంతు ఆవిరైంది. వేళకు చెప్పినంత మాత్రాన చాలదని, చెప్పింది నిజమై ఉండాలని తెలుగు మదుపరులు చాలా ఖరీదు చెల్లించి తెలుసుకున్నారు.

లోపలి సమాచారంతో వ్యాపారాన్ని నిషేధించే నిబంధనలను 2015లో తిరగరాశారు. 2017లో మరో లోపం బయటపడింది. పలు పెద్ద కంపెనీల ఫలితాల అంకెలు ప్రకటనకు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయని వార్తాసంస్థ రాయిటర్స్ రాసింది. సెబీ కొందరికి జరిమానాలు వేసింది. ఆ అంకెలు కంపెనీ లోపలి నుంచే వచ్చాయని రుజువు కాకపోవడంతో ఆ జరిమానాలు అప్పీలులో నిలవలేదు. 2019 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా విండో మూసి ఉంచాలి. రహస్య సమాచారం ఎవరెవరికి చేరిందో డిజిటల్ రికార్డులో నమోదు చేయాలి.

2025 మార్చి 10న ఇండస్‌ఇండ్ బ్యాంక్ ఫలితాల దాకా ఆగకుండా తన డెరివేటివ్ లెక్కల్లో తేడాలున్నాయని వెల్లడించింది. మర్నాడు షేరు సుమారు 27 శాతం పడింది. ఈ సంగతి తెలిసీ షేర్లు అమ్మారన్న ఆరోపణపై ఆ బ్యాంకు ఉన్నతాధికారులు కొందరిని మార్కెట్ లావాదేవీలకు దూరంగా ఉంచుతూ మే నెలలో సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీ చెప్పిందా లేదా అన్న ప్రశ్నతో పాటు, ఎప్పటి నుంచి తెలిసి ఎప్పుడు చెప్పింది అన్నదీ ఇప్పుడు తూకంలోకి వచ్చింది.

చెడ్డ అంకెలను మార్కెట్ మన్నిస్తుంది, దాచిన అంకెలను మన్నించదు. అందుకే షేరు కొనేముందు గత ఫలితాలతో పాటు, ఆ కంపెనీ చెడు కబురును ఎంత త్వరగా, ఎంత సమానంగా అందరికీ చెప్పిందో కూడా చూడండి. ఆ వివరాలు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో తేదీలతో సహా ఉచితంగా దొరుకుతాయి.