గదియును పలుకును

ఒకే కంఠమును రెండు గదులలో వినినచో రెండు కంఠములవలె తోచును. గోడలును, నేలయును, కప్పును ధ్వనిని తిరుగగొట్టుటయే ఇందులకు కారణము. నేడు ఇండ్లలో సినిమాలు చూచుటకై అమర్చుకొనుచున్న రిసీవర్లలో పెక్కు ఈ గదిదోషమును తామే కనిపెట్టి దిద్ద యత్నించుచున్నవి. ఈ విద్యకు మూలమును వెదకుచు పోయినచో, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి ఒక ఉపన్యాసశాలకు చేరుదుము.

1895లో అచట ఫాగ్ కళాప్రదర్శనశాలను తెరచిరి. అందలి ఉపన్యాసమందిరము ఖాళీగా ఉన్నపుడు, పలికిన మాట ఐదున్నర సెకండ్లు మ్రోగుచుండెడిది. అంతలో మరి పది మాటలు వచ్చి పైబడును; వినవచ్చునది రొద మాత్రమే. దీనిని చక్కదిద్దు పనిని వాలెస్ క్లెమెంట్ సాబిన్ అను భౌతికశాస్త్ర బోధకునకు అప్పగించిరి. అప్పటి కతనికి ఇరువదియేడేండ్లు.

ఊరు సద్దుమణగిన అర్ధరాత్రులయందు సాబిన్ పనిచేసెను. ఆర్గన్ గొట్టమును మ్రోగించి, ఆపి, నాదము చెవికి అందకుండ పోవుట కెంత కాలము పట్టునో లెక్కించెను. సమీపమునందలి శాండర్స్ నాటకశాలనుండి మెత్తలు మోయించి తెచ్చి, కొలత కొలతకు వాని సంఖ్యను పెంచెను. తెల్లవారునప్పటికి అవి మరల స్వస్థానము చేరవలెను! తన దుస్తులు సైతము ధ్వనిని పీల్చుచున్నవని గ్రహించి, ప్రతి ప్రయోగమునకును అవే దుస్తులు ధరించెను. ఈ పట్టుదల నాకు అతని సూత్రముకంటెను గొప్పదిగా కనిపించును. 1898లో లభించిన ఆ సూత్రము సరళమే: గది ఘనపరిమాణము పెరిగినకొలది ప్రతినాదకాలము పెరుగును, ధ్వనిని పీల్చు పదార్థము పెరిగినకొలది తగ్గును. అతని లెక్కల సాయముతో కట్టిన బోస్టను సింఫనీ హాలు 1900 అక్టోబరు 15న తెరువబడెను.

పిదప చెవి స్థానమును మైక్రోఫోను ఆక్రమించెను. గణితక్రమమున కూర్చిన రొదతో గదిని కొలుచు పద్ధతిని 1979లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ వివరించెను. మంద్రమునుండి తారమునకు జారు స్వరముతో కొలుచు పద్ధతిని 2000లో ఏంజెలో ఫరీనా వివరించెను. లెక్కకట్టు యంత్రము చిన్నదై రిసీవరులో ఇమిడిన పిమ్మట ఈ కొలత గృహస్థుల ముంగిట చేరెను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధనలనుండి 2002లో వెలసిన ఆడిస్సీ సంస్థ, ఒక్క ఆసనముననే గాక పెక్కు ఆసనములయందు కొలిచి దిద్దు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను.

యజమాని తాను కూర్చుండుచోట మైక్రోఫోను నిలుపును. స్పీకర్లు ఒక్కొక్కటిగా పలుకును. ధ్వని ఒక మీటరు పోవుటకు సుమారు 3 మిల్లీసెకండ్లు పట్టును గనుక, ఆ లెక్కతో దూరము లెరిగి, రిసీవరు దగ్గరి స్పీకరును రవంత ఆలస్యముగా పలికించును. మితిమీరి మ్రోగు స్వరములను అణచును.

ఐనను దీనిని సర్వరోగనివారిణిగా అమ్మువారి మాట నమ్మరాదు. 5 మీటర్ల పొడవుగల గదిలో సుమారు 34 హెర్ట్జుల స్వరము రెండు కొనగోడలకడ ఉబ్బి, నడుమ దాదాపు శూన్యమగును. నడుమ కూర్చున్నవానికై దానిని ఎంత పెంచినను స్పీకరు ఆయాసపడునే కాని వినికిడి పెరుగదు. కుర్చీని ఒక మూర వెనుకకు జరుపుట మేలు. బోడిగోడల గది ప్రతినాదమును రిసీవరు పీల్చివేయజాలదు. ఆ పని చేయునవి మందపు తెరలు, తివాచీలు, మెత్తని ఆసనములు. వీనిని ముందు అమర్చి, పిదప మైక్రోఫోను నిలుపవలెను.