తమ్ముడి పక్కన కూర్చున్న అక్క

మన ఇళ్ళల్లో వంశవృక్షం రాయమంటే ఏం రాస్తారు? తాతగారి తాతగారి పేరు, ఆయన కొడుకులు, ఆ కొడుకుల కొడుకులు. ఆడపిల్లలు అసలు పుట్టినట్టే ఉండదు. మరీ దయగల ఇల్లయితే కొమ్మ చివర ‘కుమార్తెలు ఇద్దరు’ అని ఒక ముక్క. పేర్లెందుకు, ఎలాగూ ఇంటిపేరు మారిపోతుంది కదా!

అలా ఇంటిపేరు మారిన ఒకావిడ గురించే ఈ నాలుగు మాటలూ. పుట్టిల్లు కొమర్రాజు వారు. మెట్టినిల్లు భండారు వారు. పేరు అచ్చమాంబ.

కొమర్రాజు అనగానే చదువుకున్నవాళ్ళకి లక్ష్మణరావుగారు గుర్తొస్తారు. విజ్ఞాన చంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం... అన్నిట్లోనూ ఆయన చెయ్యి ఉంది. ఆ మహానుభావుడికి అచ్చమాంబ అక్కగారు. మూడేళ్ళు పెద్ద.

ఆవిడ కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలో 1874లో పుట్టింది. సరిగ్గా ఆ ఏడే వీరేశలింగంగారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. కానీ ఆ బడికీ ఈ పిల్లకీ ఏ సంబంధమూ లేదు. ఈవిడ ఏ బడి గుమ్మమూ ఎక్కలేదు. ఆరేళ్ళప్పుడు తండ్రి వెంకటప్పయ్యగారు పోయారు. తల్లి గంగమాంబగారు ఇద్దరు పసివాళ్ళనీ వెంటబెట్టుకుని సవతి కొడుకు పంచన చేరింది. పదో ఏట మేనమామ మాధవరావుగారికిచ్చి పెళ్ళి చేశారు. ఆయనకది రెండో పెళ్ళి. పదేళ్ళకి పెళ్ళేమిటని ఆశ్చర్యపోకండి, శారదా చట్టం రావడానికి ఇంకా నలభై అయిదేళ్ళుంది. నిన్నటిదాకా ‘మామయ్యా’ అంటూ వెంట తిరిగిన మనిషి ఇవాళ మొగుడు. మేనరికాలున్న ఇళ్ళల్లో ఇదేమీ వింత కాదనుకోండి.

మాధవరావుగారికి మధ్య పరగణాల్లో సర్కారు ఇంజనీరింగు ఉద్యోగం. అందుకని కాపురం నాగపూరు వైపు. అక్కడికి తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళి చదివించారు. అంటే లక్ష్మణరావుగారి చదువు అక్కగారి ఇంట్లో, అక్కగారి చేతి వంట తింటూ సాగిందన్నమాట. ఆయన జీవితం చెప్పేటప్పుడు ఇది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నన్నడిగితే కథంతా ఆ వాక్యంలోనే ఉంది.

ఎందుకంటే తమ్ముడు చదువుకుంటూంటే పక్కన కూర్చుని ఆవిడా చదువుకుంది. భర్త ప్రోత్సాహం పెద్దగా లేదంటారు. ముందు తెలుగు, హిందీ. తర్వాత మరాఠీ, బెంగాలీ, గుజరాతీ, కొంత సంస్కృతం, కొంత ఇంగ్లీషు. దేశం మొత్తం మీద నూటికి ఒక్క ఆడది కూడా చదవడం, రాయడం రాని కాలం అది. ఇంటి చాకిరీ అంతా చూసుకునే మనిషికి ఆ తీరిక ఎలా దొరికింది? పొయ్యి ఊదుతూ ఎన్ని పాఠాలు విందో, అన్నం వడ్డిస్తూ ఎన్ని సందేహాలడిగిందో! నవలలు రాసేదాన్ని కనక నాకు ఇలాంటివే ముందు తోస్తాయి. తమ్ముడు మటుకు ఎమ్మే దాకా వెళ్ళాడు.

ఆవిడకి ఒక కొడుకూ, ఒక కూతురూ పుట్టారు. ఇద్దరూ పసితనంలోనే పోయారు. దీని మీద నేనేమీ రాయలేను. ఆ తర్వాత అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచి, చదువు చెప్పింది.

ఆవిడ రాసిన పెద్ద పుస్తకం ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. వీరేశలింగంగారి ‘చింతామణి’లో కొంత వచ్చింది, 1901లో పుస్తకమైంది. ఆడవాళ్ళు అబలలనీ, తెలివి తక్కువ వాళ్ళనీ, చదివిస్తే చెడిపోతారనీ అనేవాళ్ళకి జవాబుగా, చరిత్రకెక్కిన స్త్రీల జీవితాలన్నీ ఒకచోట కూర్చింది. వంశవృక్షంలో చోటు లేనివాళ్ళకి వేరే ఒక వృక్షం నాటిందనుకోవచ్చు. మూడు భాగాలు తలపెట్టింది: మొదట మన దేశ చరిత్రలోని వాళ్ళు, తర్వాత వేదపురాణాల వాళ్ళు, ఆఖర్న విదేశీ వనితలు.

1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఊళ్ళు తిరిగి మరికొన్ని సమాజాలు పెట్టించింది. ఆ ఏడే ‘హిందూ సుందరి’లో ‘ధనత్రయోదశి’ అనే కథ రాసింది. పండక్కి ఇంట్లో డబ్బు లేక మొగుడు యజమాని సొమ్ము తెస్తే, పెళ్ళాం ఆ సొమ్ము ముట్టనని తిరిగి ఇప్పించే కథ. తెలుగులో మొదటి కథ ఏదంటే చాలాకాలం అందరూ గురజాడవారి 1910 నాటి ‘దిద్దుబాటు’నే చెప్పారు, నేనూ బీయేలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అచ్చమాంబ కథ దానికంటే ఎనిమిదేళ్ళు ముందు అచ్చయి కూర్చునుంది.

1905 జనవరిలో ఆవిడ పోయింది. ముప్ఫై ఏళ్ళు. రెండో భాగం సగంలో ఉండిపోయింది, మూడోది మొదలే కాలేదు. తమ్ముడు 1923 దాకా ఉన్నారు. ఆయన విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వచ్చి, ‘అ’ అక్షరం దగ్గరే ఆగింది.