జెనెసీ నదీలోయ – ఒక దానభూమి చరిత్ర

మన దేవాలయములలోని దానశాసనములను చదివినవారు ఒక సంగతి గమనించి యుందురు. అందు దాత పేరుండును, పొలము కొలతయు ఎల్లలును ఉండును, చివర ఆ దానమును హరించువారికి శాపముండును. ఆ భూమి అంతకు మున్ను ఎవరిదో చెప్పు శాసనము మాత్రము అరుదు. అమెరికా దేశమునందలి యొక దానభూమిని గూర్చి నేడు విన్నవించెదను. దాని విషయమున ఆ చెప్పని భాగము గూడ మనకు దొరకుచున్నది.

జెనెసీ యను నది పెన్సిల్వేనియాలో పుట్టి, ఉత్తరముగా ప్రవహించి, న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరము మీదుగా పోయి ఒంటారియో సరస్సున కలియును. దారిలో అది ఱాతిని కోసికొనుచు లోతైన గండి నేర్పఱచుకొన్నది. ఆ గండిలో మూడు జలపాతములు ఒకదాని క్రింద నొకటి యున్నవి. నడిమిదాని యెత్తు 107 అడుగులు. ఇరుగట్టుల నున్న అడవి, 14 వేల ఎకరములకు పైబడినది, లెచ్‌వర్త్ రాష్ట్రోద్యానవనమని పేరొందినది. ఉద్యానవనమనగానే పూలతోటను తలపవలదు. అది ప్రజలందఱు తిరుగుటకై ప్రభుత్వము కాపాడుచున్న యరణ్యము.

ఈ లోయ పూర్వము సెనెకా జాతివారిది. జెనెసీ యనగా వారి భాషలో మంచి లోయ యని యర్థము. వారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొనుచు గ్రామములలో నివసించిరి. స్వాతంత్ర్యసమరమున వారిలో పెక్కురు ఆంగ్లేయుల పక్షము వహించుటచే, 1779లో వాషింగ్టను ఆజ్ఞపై సలివాన్ సేనాని దండెత్తి వచ్చి వారి యిండ్లను, పైరులను తగులబెట్టెను. 1797లో బిగ్‌ట్రీ యొడంబడిక జరిగినది. దానిచే సెనెకాలు కొన్ని తావులు దక్క నదికి పడమటనున్న విశాలభూమిని లక్ష డాలర్లకు వదలుకొనిరి.

అట్లు మిగిలిన తావులలో నొకటి, ఇంచుమించు 18 వేల ఎకరములు, మేరీ జెమిసన్ అను నామెకు దక్కినది. ఈమె పుట్టుకచే తెల్లజాతి స్త్రీ. బాల్యమున శత్రువులు ఆమె తల్లిదండ్రులను చంపి యామెను పట్టుకొనిపోగా, యుద్ధమున సోదరుని కోల్పోయిన యిద్దఱు సెనెకా స్త్రీలు అతనికి బదులుగా నామెను దత్తు గొనిరి. మరలిపోవు నవకాశము వచ్చినను ఆమె పోలేదు. ఆ జాతిలోనే పెండ్లాడి, పిల్లలను గని, పొలము దున్ని వృద్ధురాలైనది. దత్తస్వీకారమును గూర్చి మన ధర్మశాస్త్రములు ఎంతో చర్చించినవి కాని, ఇంతకంటె గట్టి దత్తత నేనెఱుగను. చివరకు ఆ భూమియు చేజాఱెను. 1831లో ఆమె బఫెలో పట్టణమునకు దగ్గఱనున్న సెనెకాల తావునకు వెడలి, 1833లో మరణించెను.

తరువాత గొడ్డళ్లు వచ్చినవి, ఱంపపు మిల్లులు వచ్చినవి, కొండలు బోడులైనవి. 1859లో విలియం ప్రయర్ లెచ్‌వర్త్ అను బఫెలో వర్తకుడు జలపాతము ప్రక్క భూమిని కొనెను. గుఱ్ఱపు జీనులకు వలయు ఇనుపసామాను వలన ధనము గడించినవాడు. అతడు క్రమముగా వేయి యెకరములు కూర్చి, చెట్లు నాటించి, బాటలు వేయించెను. ఇంతలో నొక కంపెనీ అక్కడ పెద్ద యానకట్ట కట్టదలచెను. కంపెనీవారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఈ నది 1865లో రోచెస్టరు వీధులను ముంచినది. ఏటి యొడ్డున కాపురమున్న మనకు ఆ భయము వేఱుగ చెప్పనక్కఱలేదు. లెచ్‌వర్త్ తన భూమినంతయు రాష్ట్రమున కిచ్చెను. బ్రతికినంతకాలము అందుండు హక్కును మాత్రము ఉంచుకొనెను. 1907లో ప్రభుత్వము శాసనముచే దానిని స్వీకరించినది. 1910లో అతడు మరణించెను. వరదల నాపు నానకట్ట 1952లో, జలపాతములకు చాల దిగువన, మౌంట్ మోరిస్ వద్ద పూర్తియైనది. అది మామూలు దినములలో నీటిని పోనిచ్చి వరద వచ్చినప్పుడే నిలుపును. 1972 నాటి తుపానులో దిగువ యూళ్లను కాచినది.

మా కుమారుడు రోచెస్టరులో నుద్యోగి యగుటచే శరత్కాలమున నేను అచటికి పోయితిని. క్రింది జలపాతమునకు దిగు ఱాతిమెట్లు నా మోకాళ్లను బాగుగ పరీక్షించినవి. ఆ వనమునందలి బాటలను, ఱాతిగోడలను పెక్కింటిని 1933 మొదలు, ఆర్థికసంక్షోభ దినములలో, ప్రభుత్వము కూలియిచ్చి పెట్టిన నిరుద్యోగ యువకులు కట్టిరి. కఱవుపనులలో మన చెఱువుకట్టలు లేచినట్లే!

గట్టుమీద సెనెకాల సభాగృహమున్నది. శిథిలమగుచుండగా లెచ్‌వర్త్ దానిని కొని తెప్పించి నిలిపెను. 1872 అక్టోబరు 1న పూర్వనాయకుల మనుమలు, జెమిసన్ మనుమడు అందు కూడి తుదిసారి సభ జరిపిరి. 1874లో మేరీ జెమిసన్ యస్థికలను తెచ్చి ఆ చెంతనే ఉంచిరి. దాత యెంత శ్రద్ధగలవాడో ఇందువలన తెలియుచున్నది. ఐనను, ఇల్లును అస్థికలును మరలివచ్చినవి, నేల మాత్రము రాలేదు. లెచ్‌వర్తును నిందించుటకు నాకు నోరు రాదు. అతడు కొనకున్నచో ఆ జలపాతములే మిగులకుండెడివేమో. కాని ఆ శాసనమున మొదటి పంక్తి సెనెకాలదని వ్రాయుట న్యాయమని నాకు తోచినది.

సమాధిపై 1910లో నిలిపిన కంచుప్రతిమ యున్నది. శిశువును వీపున గట్టుకొని నడచుచున్న యువతి రూపమది. సెనెకాలు నేటికిని ఆ రాష్ట్రపు పడమటిభాగమున తమ తావులలో నివసించుచున్నారు. జెమిసన్ అను ఇంటిపేరు వారిలో ఇప్పటికిని వినబడుచున్నది.